వాడిన నూనెను వడగడితే బయోడీజిల్ కాదు

బజ్జీలు వేయించిన నూనెను గుడ్డలో వడగట్టి ట్యాంకులో పోస్తే బయోడీజిలే కదా అనే మాట ఎక్కడికి వెళ్లినా వినపడుతోంది. కాదండీ! వడగడితే పిండి నలకలు పోతాయి, అంతే. నూనె నూనెగానే ఉంటుంది, డీజిల్ కంటే దాదాపు పదింతలు చిక్కగా. ఇంజెక్టర్‌లోంచి సన్నటి తుంపరగా రావాల్సింది రాదు, సరిగా మండదు, మసి పేరుకుని ఇంజిన్ పాడవుతుంది.

మరి బయోడీజిల్ అంటే? తాటిముంజెలు తిన్నారు కదా. ఒక కాయ, లోపల మూడు ముంజెలు. నూనె అణువు కూడా అంతే. కాయ గ్లిజరిన్, ముంజెలు ఫ్యాటీ ఆమ్లాలు. ఆ ముంజెల్ని కాయలోంచి ఊడదీయాలి, అదే మన పని. కాస్టిక్ సోడా కత్తిలా పనిచేస్తుంది. ఊడిన ఒక్కో ముంజెకూ ఒక్కో మిథనాల్ అణువు తగులుకుంటుంది. అదే బయోడీజిల్. విడివిడి ముంజెలు కాబట్టి పల్చగా పారుతుంది. ఖాళీ కాయ, అంటే గ్లిజరిన్, బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. గాజు సీసాలో చూస్తే పైన లేత పసుపు, అడుగున ముదురు గోధుమరంగు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అసలు చిక్కు ఇప్పుడే. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో, పకోడీల తడికి, కొన్ని ముంజెలు ముందే ఊడిపోయి ఉంటాయి. కాస్టిక్ సోడా పోయి వాటిని పట్టుకుందంటే సబ్బు తయారవుతుంది. డ్రమ్ము నిండా జిగురు, నురగ, పొరలు విడవవు. అందుకే ముందు నూనె కాచి నీళ్లు పోగొట్టాలి, టైట్రేషన్ చేసి, అంటే చుక్క చుక్కగా క్షారం కలిపి చూసి, విడి ఆమ్లం (ముందే ఊడిన ముంజెలు) ఎంతుందో కొలవాలి. మరీ ఎక్కువుంటే, ఆ ఊడిన ముంజెలకు ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లం సాయంతో మిథనాల్ తగిలించాలి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 100 లీటర్ల నూనెకు సుమారు 20 లీటర్ల మిథనాల్, 60 డిగ్రీల వేడి, గంటా రెండు గంటలు కలపడం. 65 దగ్గర మిథనాల్ మరుగుతుంది, అంతదాకా పోనివ్వకూడదు. తర్వాత గ్లిజరిన్ తీసేసి, నీళ్లతో కడిగి, తడి పోగొట్టాలి. ఇంట్లో మాత్రం వద్దు! మిథనాల్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది, కడుపులోకి పోతే చూపు పోతుంది.

నూనె మళ్లీ మళ్లీ కాగుతుంటే అందులో పాడైన పదార్థాలు పెరుగుతాయి, వాటినే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. అవి 25 శాతం దాటిన నూనెతో వండకూడదని 2018 జూలై నుంచి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. అలాంటి నూనెను బయోడీజిల్‌కు మళ్లించే ‘రూకో’ అనే ఆ సంస్థ కార్యక్రమం కూడా ఆ ఏడాదే మొదలైంది. అయినా ఒకచోట వాడేసిన నూనె చవగ్గా ఇంకో బండికి చేరి మళ్లీ మన ప్లేట్లోకి రావడం చూస్తే ఒళ్లు మండుతుంది. హోటల్ నడిపేవాళ్లు ఎవరైనా చూస్తుంటే, నూనె కొనడానికి వచ్చినవాళ్లకు అనుమతి ఉందో లేదో అడిగి ఇవ్వండి. డబ్బా మూత బిగించి పెట్టండి, నీళ్లు కలిస్తే వాళ్లకు పని రెట్టింపు.