తూటాల డబ్బా తాళం అమ్మమ్మ దగ్గర ఉండేది

(విశాఖపట్నంలో పిల్లల ఎయిర్ పిస్టల్ వేసవి శిబిరం మొదటి రోజు తల్లిదండ్రులతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే గాజువాక నుంచి, మధురవాడ నుంచి, ఇంకా దూరం నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. చాలా సంతోషం. పిల్లలు పక్క హాల్లో ఫారాలు నింపుతున్నారు. ఈ కాసేపు పెద్దవాళ్లతోనే మాట్లాడతాను.

2024 జులై 28న పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచింది. రెండు రోజులకే సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి ఇంకో కాంస్యం తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచిన భారతీయులు అంతకుముందు ఎవరూ లేరు. అప్పట్నుంచీ నాకు వచ్చే ఫోన్లు ఎక్కువయ్యాయి. "మా పాప ఎన్నాళ్లకి స్టేట్ ఆడుతుంది మేడమ్? పిస్టల్ ఎంతవుతుంది? ఏ కంపెనీది కొనాలి?" అడగాల్సినవే. అన్నిటికీ జవాబు చెప్తాను. కానీ నేను ఎదురుచూసే ప్రశ్న ఇంకొకటుంది. "తుపాకీ గురించి ఇంట్లో పిల్లలతో ఏం మాట్లాడాలి?" అని. ఇది అడిగేవాళ్లు చాలా తక్కువ.

మన ఊళ్లో ఆ ప్రశ్న అవసరం ఎక్కువ. తూర్పు నావికాదళం కేంద్రం ఇక్కడే. పోర్టులో, స్టీల్ ప్లాంటులో కాపలా కాసే కేంద్ర భద్రతా దళం, సీఐఎస్ఎఫ్ వాళ్లుంటారు. ఆర్మ్డ్ రిజర్వు పోలీసు కుటుంబాలున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి సైన్యంలోకి వెళ్లి, రిటైరై ఇక్కడ స్థిరపడి, సొంత లైసెన్సు తుపాకీతో బ్యాంకు గార్డులుగా చేస్తున్నవాళ్లున్నారు. నేవీ డే విన్యాసాలకి పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని బీచ్‌కి తీసుకెళ్తాం. దూరం నుంచి చూడటానికి ఆయుధం మనకు కొత్త కాదు. దగ్గర నుంచి ఎవరు చూపిస్తారు, ఎలా చూపిస్తారు అన్నదే అసలు విషయం. నాకు చూపించింది మా తాతయ్య.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, సైన్యంలో చేసి వచ్చి కంచరపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. పోర్టు పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల పేమెంట్లు చూసేవారు. అప్పట్లో అంతా నగదే. సంచిలో డబ్బుతో తిరగాల్సిన పని కాబట్టి రివాల్వర్‌కి లైసెన్సు తీసుకున్నారు. కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారైన పాయింట్ త్రీ టూ రివాల్వర్ అది, ఆరు తూటాలది.

మన సముద్రపు గాలికి ఇనుము నిలవదని మీకు తెలుసు. కిటికీ ఊచలు చూస్తూంటాం కదా. అందుకని ఆదివారం పొద్దున్నే తాతయ్య నేల మీద పాత పేపర్లు పరిచి రివాల్వర్ తుడుచుకునేవారు. నూనె సీసా, సన్నటి ఊచ, చింపిన బనీను గుడ్డ. ఆ గుడ్డని ఆయన మిలటరీ అలవాటులో 'చిందీ' అనేవారు. గోడకి ఎదురుగా కూర్చునేవారు, గోడకీ ఆయనకీ మధ్య ఎవరూ రాకూడదు. నా చోటు ఆయన ఎడమ పక్కన, కాస్త వెనక్కి.

ముందు బొటనవేలితో పక్కనున్న మీట నొక్కేవారు. గొట్టం కిందికి వాలేది. వాలుతుంటే సిలిండర్ మధ్యలోంచి నక్షత్రంలాంటి చిన్న బిళ్ల పైకి లేచేది. లోపల తూటా ఉంటే అదే బయటికి నెట్టేస్తుంది. ఆదివారం అందులో తూటాలుండవు. ఉండవని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అయినా సిలిండర్‌ని కిటికీ వైపు తిప్పి నన్ను చూడమనేవారు.

"ఏటి కనిపిస్తంది?"

"వెలుగు తాతయ్యా."

"ఎన్ని?"

"ఆరు."

"నాను ఖాళీ అన్నానని ఖాళీ అయిపోదు తల్లీ. నీ కళ్లతో నువ్వు సూడాల."

అప్పుడు నా చేతికిచ్చేవారు. చూపుడువేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకుండా, చాపి, పక్కన లోహం మీద ఆనించి పెట్టాలి. వేలు జారి లోపలికి వెళ్లిందా, ఆయన కోప్పడేవారు కాదు, కళ్లెర్రజేసేవారు కాదు. మాట్లాడకుండా రివాల్వర్ వెనక్కి తీసుకునేవారు. ఆ ఆదివారానికి అంతే. మళ్లీ వచ్చే ఆదివారం మొదట్నుంచి. నేను దాన్ని పేల్చింది ఎన్నడూ లేదు. పేల్చనిమ్మని అడగాలని కూడా తోచలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో తుపాకీ అంటే చేసే పని తుడవడం, చూడటం, తాళం వేయడం.

తాళం సంగతి చెప్పాలి. రివాల్వర్ తాతయ్య బీరువా లాకర్లో ఉండేది, తాళంచెవి ఆయన దగ్గర. తూటాల డబ్బా వేరే గదిలో అమ్మమ్మ ట్రంకు పెట్టెలో. ఆ తాళంచెవి అమ్మమ్మ బొడ్డులో. పేమెంటు రోజు పొద్దున్న తాతయ్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే, అమ్మమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి ఆరు తూటాలు లెక్కపెట్టి అరచేతిలో పోసేది. సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కోకముందే ఆరూ లెక్కపెట్టి తీసుకునేది. ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఆ రివాల్వర్‌ని నింపలేరు. అంత మంచి ఏర్పాటు నేను ఆ తర్వాత చాలా ఆఫీసుల్లో కూడా చూడలేదు. అమ్మమ్మ చదువు అయిదో తరగతి.

ఒక సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. నాకంటే పెద్దవాడు, అన్నయ్య. "తాతయ్య తుపాకీ ఎక్కడుంటుందో నీకు తెలుసా?" అని చెవిలో అడిగాడు. తాతయ్య విన్నారు. మేం బీరువా వైపు చూడటం కూడా చూశారు. మీలో చాలామంది ఆ చోట ఏం చేస్తారో నేను ఊహించగలను. ఒక దెబ్బ వేసి, "దాని జోలికెళ్తే చేతులు విరగ్గొడతా" అంటాం. తాతయ్య పేపర్లు తెమ్మన్నారు. భోగి నాటి సాయంత్రం, ఇంటినిండా చుట్టాలుండగా, ఆదివారం చేసేదంతా మొదట్నుంచి చేసి చూపించారు. మీట, గొట్టం, వెలుగు, చిందీ, నూనె. అన్నయ్య కళ్లు మొదట్లో ఇంతలేసి అయ్యాయి. తుడవడం దగ్గరికొచ్చేసరికి ఆవలించాడు. ఆ తర్వాత బయట పిల్లలు పిలిస్తే క్రికెట్‌కి పోయాడు. వెళ్తున్నవాణ్ణి ఆపి తాతయ్య ఒక్కటే చెప్పారు: "ఎప్పుడు సూడాలనిపిస్తే అప్పుడు సూపిస్తాను. కానీ నన్నే అడగాల."

నేను కోచ్‌నయ్యాక ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నానో. పిల్లలకి ఉండే కుతూహలాన్ని దెబ్బతో చంపలేం. అది మనం ఇంట్లో లేని టైము కోసం కాచుకుని ఉంటుంది. పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని చూపించేస్తే దొంగతనంగా చూడాల్సిన అవసరమే ఉండదు.

ఎన్నికలొచ్చినప్పుడు లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించమనేవారు, తాతయ్య నన్ను కూడా తీసుకెళ్లేవారు. స్టేషన్లో రికార్డులు రాసే రైటర్ గారు తుపాకీ మీది నంబరు, లైసెన్సు పుస్తకంలో నంబరు పక్కపక్కన పెట్టి చదివి రసీదు రాసిచ్చేవారు. వస్తువు మనదే అయినా అది మన ఇష్టానికి వదిలేసింది కాదని నాకు అక్కడ అర్థమైంది. దసరాకి ఆయుధపూజలో కుట్టుమిషన్‌కీ, స్కూటర్‌కీ పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. రివాల్వర్‌కి మాత్రం తడి తగలనిచ్చేవారు కాదు, తుప్పు పడుతుందని. బొట్టు దాని తోలు సంచికే.

బీచ్ గురించి ఒక మాట. ఆర్కే బీచ్‌లో బెలూన్లు కట్టిన బోర్డు, ముందు ఎయిర్‌గన్ను. విశాఖ పిల్లల్లో చాలామంది తుపాకీ మొదటిసారి పట్టుకునేది అక్కడే. ఆ బండివాళ్ల బతుకుతెరువు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ అక్కడ పిల్లాడు బెలూను పేలగానే గన్ను చేతిలో ఉండగానే వెనక్కి తిరిగి "నాన్నా చూశావా" అంటాడు. గొట్టం నాన్న పొట్ట వైపు ఉంటుంది. నాన్న ఫొటో తీస్తుంటాడు. ఇది నేను చూసినప్పుడల్లా నాకు నిజంగా గుండె దడ. తాతయ్య అక్కడ కూడా మాకు అదే పద్ధతి పెట్టారు. గొట్టం బోర్డు వైపే, గన్ను బల్ల మీద పెట్టాకే వెనక్కి తిరగాలి. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూసేవారు. చూడనివ్వండి. మీరు ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు అలాగే చేయించండి.

పేల్చడం నేర్పింది మా మావయ్య. కాలేజీలో ఎన్‌సీసీ, అక్కడ పాయింట్ టూ టూ రైఫిల్, ఆ తర్వాత పిస్టల్ పోటీలు. ఒక సీనియర్ షూటర్ దగ్గర పాత ఎయిర్ పిస్టల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పక్కనున్న లీవర్ లాగి గాలి నింపాలి. నా బలం చాలేది కాదు, మావయ్యే లాగేవాడు. పెరటి సందులో ఒక చివర తలుపు మూసి గడియ పెట్టి, ఇసుక నింపిన చెక్కపెట్టెకి టార్గెట్ కాగితం అంటించాడు. కానీ కాగితం దాకా నన్ను వెంటనే రానివ్వలేదు. మొదట నీళ్ల సీసా. చెయ్యి చాపి, మోచెయ్యి వంచకుండా లీటరు సీసా పట్టుకుని నిలబడాలి. భుజం లాగేది. ఆ తర్వాత ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడ. గోడ మీద ఏమీ ఉండదు. సైటు, అంటే పిస్టల్ మీద గురి చూసుకునే గుర్తు, దాన్ని చూస్తూ, అది కదలకుండా ట్రిగ్గర్ నొక్కాలి. పిస్టల్ మీద రూపాయి బిళ్ల పెట్టేవాడు. అది పడిపోతే నొక్కడంలో కుదుపు ఉన్నట్టు.

ఈ ఆట సంగతి ఇప్పుడు చెప్తాను, రేపట్నుంచి మీ పిల్లలు చేసేది ఇదే కాబట్టి. పది మీటర్ల దూరం, ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. గుండు 4.5 మిల్లీమీటర్లది, సీసంతో చేసింది. పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు. మీ చొక్కా గుండీ ఎంతో అంత. దాన్ని కొట్టాలంటే దాన్నే చూడాలని అందరూ అనుకుంటారు. కాదు. కన్ను పిస్టల్ చివరి సైటు మీద నిలవాలి, టార్గెట్ మసగ్గా కనిపించాలి. పిల్లలకి అన్నిటికంటే కష్టం ఇదే. గురి వైపు చూపు పరుగెడుతుంది, సైటు పక్కకి జరుగుతుంది, గుండు ఎనిమిది పాయింట్ల వలయంలోకి పోతుంది. చెయ్యి వణకడం కూడా ఉంటుంది, అది ఎవరికైనా ఉంటుంది. వణుకు ఆగే క్షణం కోసం చూసి ఠక్కున నొక్కితే మరీ దూరం పోతుంది. వణుకుతూ ఉండగానే నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. కుదరలేదనిపిస్తే పిస్టల్ దించేయాలి. దించడం కూడా ఆటలో భాగమే. పోటీలో 60 షాట్లకి 75 నిమిషాలిస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ మధ్యలో పాడై, సరిచేసుకునేసరికి బోలెడు టైము పోయింది, ఫైనల్ దాకా రాలేకపోయింది. మూడేళ్లకి అదే అమ్మాయి పారిస్‌లో నిలబడింది. మీ పిల్లలకి ఆ పతకాల కథతో పాటు ఈ మధ్యలో కథ కూడా చెప్పండి.

చట్టం సంగతి క్లుప్తంగా. 2016 ఆయుధ నియమాల ప్రకారం గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు, గొట్టం లోపలి వెడల్పు (బోర్) .177 అంగుళం దాటని ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. అక్కర్లేదు కదా అని అది బొమ్మ కాదు, కన్ను పోతుంది. తూటా పేల్చే తుపాకీకి లైసెన్సు కావాలంటే 21 ఏళ్లు నిండాలి. 12 నిండిన పిల్లలు శిక్షణలో, నిబంధనల ప్రకారం, పెద్దల పర్యవేక్షణలో మాత్రమే వాడొచ్చు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి ఎవరికైనా ప్రమాదం తెస్తే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు. అలాంటి వీడియోలు పిల్లల ఫోన్లలోకి వస్తూనే ఉంటాయి. పక్కన కూర్చుని, ఆ గుండు ఎక్కడో ఒకచోట కిందికి దిగాల్సిందే కదా అని ఒక్కమాట అడగండి.

మన శిబిరంలో మొదటివారం పిల్లల చేతికి గుండు ఇవ్వం. నీళ్ల సీసా, తెల్లగోడ, రూపాయి బిళ్ల. "ఇంత ఫీజు కట్టాం, ఇంకా పేల్చలేదా?" అని వాళ్లని అడగకండి దయచేసి. ఇంటికి రాగానే స్కోరు కూడా అడగొద్దు. ఖాళీ ఉందో లేదో ఎలా చూశావు, చూపించు అనండి. గుండ్లు ముట్టుకున్న రోజుల్లో సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్ పెట్టండి, సీసం విషం.

చివరిగా, ఇంట్లో డ్యూటీ తుపాకీ గానీ లైసెన్సు తుపాకీ గానీ ఉన్నవాళ్లతో. మీరెవరో చేతులెత్తక్కర్లేదు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒకసారి లేచి చూసుకోండి. తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే గదిలో ఇంకో తాళంలో ఉండాలి. రెండు తాళంచెవులు ఒకే మేకుకి వేలాడకూడదు. దిండు కింద, బీరువా పైన, చీరల మడతల్లో ఉంటే పిల్లలకి తెలియదనుకోకండి. వాళ్లకి మీకంటే ముందు తెలుస్తుంది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు మీరే ఖాళీ చేసి, మీరు దగ్గరుండి, ఓపిగ్గా ఒకసారి చూపించండి. డ్యూటీ తుపాకీ ఇంట్లో పిల్లల చేతికివ్వడం నిబంధనలకి విరుద్ధం, వాళ్లకి మాటలతోనే చెప్పండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే బ్రేక్‌లో నా దగ్గరికి రండి, చెప్తాను. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చినట్టున్నారు, ముందు వాళ్లకి మైకు ఇద్దాం.