రేకు పెట్టెలో వెయ్యి రూపాయలు

(తెరపై: బడి అరుగు మీద చాప. గుండ్రంగా కూర్చున్న పది మంది ఆడవాళ్లు. మధ్యలో ఒక రేకు పెట్టె, నలిగిన రెండు పుస్తకాలు.)

డ్వాక్రా గ్రూపు, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘం, అనగానే మనకు గుర్తొచ్చేది బ్యాంకు లోను. లేదంటే ఎన్నికలప్పుడు వినే రుణమాఫీ. ఆ రెండూ కాసేపు పక్కన పెట్టి, ఈ రేకు పెట్టె సంగతి చూద్దాం. నన్నడిగితే సంఘం బలమంతా ఇందులోనే ఉంది.

(తెరపై: పలక మీద సుద్దముక్కతో లెక్క.)

పది మంది, తలా వంద. నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. ఓస్ ఇంతేనా అంటారా? ఆగండి. ఒకామెకు పిల్లాడి ఫీజుకు 5,000 కావాలి. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 150. పది నెలలయ్యాక అసలు కట్టేసరికి వడ్డీ కిందే 1,500 పోతాయి. అదే సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే 500. పైగా ఆ 500 ఎక్కడికీ పోవు, మళ్లీ ఈ పెట్టెలోకే వస్తాయి. అందులో ఆమెకూ వాటా ఉంది.

డబ్బు ఒక ఎత్తు, ఆ డబ్బు ఎవరికివ్వాలో తేల్చడం ఇంకో ఎత్తు. ఒకామె మేకపిల్లల్ని కొనాలంటుంది, ఇంకొకామె అత్తకు ఆపరేషన్ అంటుంది. వాదులాట తప్పదు. చివరికి ఒక మాట మీదికొచ్చి తీర్మానం రాసి అందరూ సంతకాలు పెడతారు. ఇంట్లో ఉప్పుకీ పప్పుకీ ఒకరిని అడగాల్సిన మనిషి, ఇక్కడ పది మంది డబ్బు మీద నిర్ణయం చెబుతుంది.

(తెరపై: నెల్లూరు జిల్లా మ్యాప్. దూబగుంట దగ్గర చుక్క.)

డ్వాక్రా పథకం 1982లోనే వచ్చింది. మన దగ్గర పొదుపు ఊపందుకున్న కథ మాత్రం దూబగుంట నుంచి చెప్పాలి. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలితే ఏం చేయాలి? రోజుకో రూపాయి దాచుకుందామన్నారు. నెల్లూరులో దాన్ని పొదుపులక్ష్మి అన్నారు.

దాదాపు ఆ రోజుల్లోనే, 1992లో, వ్యవసాయానికీ పల్లెలకూ అప్పుల సంగతి చూసే జాతీయ బ్యాంకు నాబార్డు, దేశం మొత్తం మీద 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకుల నుంచి అప్పు ఇప్పించడం, మొదలుపెట్టి చూసింది. బ్యాంకు అప్పివ్వాలంటే పట్టా అడుగుతుంది. ఆడవాళ్ల పేరున పట్టా ఎక్కడిది? అందుకే మేనేజరు సంఘం పుస్తకాలు చూస్తాడు. మీటింగులు జరుగుతున్నాయా, పొదుపు ఆగకుండా కడుతున్నారా, లోపల అప్పులిచ్చుకుంటున్నారా, తిరిగి కడుతున్నారా, లెక్కలు రాస్తున్నారా. సంఘాల వాళ్లు పంచసూత్రాలనే ఐదు నియమాలు ఇవే. ఇప్పుడు 20 లక్షల వరకూ పూచీకత్తు అడగకుండా సంఘానికి లోను వస్తోందంటే ఆ వంద రూపాయల చలవే.

(తెరపై: సంఘం, గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. మెట్లు మెట్లుగా.)

2000లో పల్లెల్లో పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థ సెర్ప్ వచ్చాక ఈ మెట్లు కట్టారు. ఇది అంత ముఖ్యం కాదు గానీ తెలిసుండాలి. ముఖ్యమైంది 2010. చిన్న చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ వాళ్లు ఒకే ఇంటికి మూడు నాలుగు లోన్లిచ్చి, వారం వారం గుమ్మం ముందు కూర్చున్నారు. ఆత్మహత్యల వార్తలొచ్చాయి. ఆ అక్టోబరులో వాళ్లను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. మరుసటి ఏడాది సంఘాల ఆడవాళ్లకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి మొదలైంది. ఇందులో సమాఖ్యల వాటా కూడా ఉంది, అంటే అప్పిచ్చే సంస్థలో అప్పు తీసుకునేవాళ్లూ యజమానులే.

(తెరపై: మళ్లీ అదే చాప. ఒక చేతిలో బ్యాంకు పాస్‌బుక్.)

అంతా బాగుందని చెబితే అబద్ధమే. ఆమె పేరున వచ్చిన లోను ఆయన బైకుకు పోయిన ఇళ్లు నాకు తెలుసు. మా అమ్మ వాళ్ల గ్రూపులో మూడు నెలల పొదుపు బ్యాంకులో జమ కాలేదు. అందరూ లెక్కలు రాసే మనిషి మీద భరోసాతో ఊరుకున్నారు. ఐదో తరగతి దాకా చదివిన ఒకామె మాత్రం "ఏదమ్మా, ఆ పాస్‌బుక్ ఒకసారి ఇటివ్వు" అంది. ఆ మీటింగు రాత్రి పదింటి దాకా నడిచింది. మర్నాడు డబ్బు జమైంది. అప్పటినుంచి పాస్‌బుక్ నెలకొకరి ఇంట్లో ఉంటోంది.