రేకుల మీద వాన లాంటి గిటారు

అందరికీ నమస్కారం.

మియాపూర్‌లో మెట్రో ఎక్కగానే ప్లే నొక్కితే, మొదటి పాట అయ్యేసరికి ఇంచుమించు ఎర్రగడ్డ వస్తుంది. మూడు పాటలూ పూర్తయ్యేసరికి నాంపల్లి దగ్గర పడతాం. ఆ మూడు పాటల గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను. నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ ఎన్‌స్లేవ్డ్ 1993లో విడుదల చేసిన ఈపీ అది, పేరు 'హోర్డానెస్ లాండ్'. బ్లాక్ మెటల్ అంటే అరుపు లాంటి గొంతుతో, హోరెత్తే వేగమైన గిటార్లతో సాగే ఒక రకం రాక్ సంగీతం. ఈపీ అంటే ఆల్బమ్ కంటే చిన్నదని లెక్క. కానీ ఇందులో మొదటి పాటే 13 నిమిషాలు.

బ్యాండ్ 1991లో హౌగెసుండ్ అనే తీరపట్టణంలో మొదలైంది. 1992లో ఈ పాటలు రికార్డు చేసేనాటికి గిటారూ కీబోర్డూ వాయించిన ఇవార్ బ్యోర్న్‌సన్‌కి 14 ఏళ్లు. మన లెక్కలో తొమ్మిదో తరగతి. గొంతూ బేస్ గిటారూ గ్రుట్లె షెల్సన్‌వి, డ్రమ్స్ ట్రిమ్ టోర్సన్‌వి. అంతే, ముగ్గురే. ఇంగ్లీషు జోలికి పోలేదు. పాతకాలంలో ఓడల మీద తిరిగిన తమ వైకింగు యోధుల కథలు, తమ ఓడిన్ దేవుడు, తమ భాష.

"ఇదంతా అరుపులే కదా" అని మా అక్క నన్ను అడిగింది. మొదటిసారి వింటే నాకూ అలాగే అనిపించింది. అర్థమైంది మాత్రం వానాకాలంలోనే. చిన్నప్పుడు మేం సీతాఫల్‌మండిలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. జులైలో ముసురు పడితే రేకుల మీద చినుకులు లెక్కలేనంత వేగంగా పడేవి. అయినా కాసేపటికి చెవికి చినుకులు వినపడేవి కావు, ఒకే ఒక్క పెద్ద శబ్దం మెల్లగా హెచ్చుతూ తగ్గుతూ ఉండేది. ఈ గిటారు పనితనం సరిగ్గా అదే. పిక్, అంటే తీగలు మీటే చిన్న బిళ్ల, పట్టిన కుడిచెయ్యి తీగ మీద కిందికీ పైకీ ఆపకుండా కొడుతూనే ఉంటుంది. ఎడమచేతి వేళ్లు మాత్రం తీరుబడిగా స్థానం మారతాయి. చెయ్యి వేగం, స్వరం నిదానం. కింద డ్రమ్స్ కూడా అంతే ఉధృతంగా మోగుతుంటాయి, వాటి వెనక కీబోర్డు తంబురాలా ఒక స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది. ఈ సంగీతాన్ని 'అట్మాస్ఫెరిక్', అంటే చుట్టూ ఒక వాతావరణం అల్లేది, అనడానికి కారణం నాకు ఇక్కడే దొరికింది. రికార్డింగ్ మసకగా ఉంటుంది, నిజమే. ఆ మసక లేకపోతే ఈ వాన ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ఈ సంగీతాన్ని 'ప్రోగ్రెసివ్', అంటే ముందుకు సాగిపోయేది, అని కూడా అంటారు. మన సినిమా పాటలో చరణం అవగానే పల్లవి వస్తుందని చెవి ఎదురుచూస్తుంది. ఇక్కడ ఆ భరోసా లేదు. పాట ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నడుస్తూ పోతుంది. మొదటి పాట పేరుకి అర్థం, అవతలి అడవిలో యుద్ధం. వింటుంటే ఆ అడవి దాకా మనం కూడా నడిచినట్టే ఉంటుంది.

ఆ రోజుల్లో నార్వేలో ఈ సంగీతం చుట్టూ ఉన్న కొందరు చర్చిలు తగలబెట్టారు, హత్యలూ జరిగాయి. వాటిని నేను ఏ మాత్రం సమర్థించను. ఆ నేరాల కథల హోరులో ఇలాంటి పాటలు మరుగున పడిపోవడమే నా బాధ.

ఇక్కడ గిటారు పట్టుకుని వచ్చిన పిల్లలు కనిపిస్తున్నారు. బాబూ, అమ్మా, మీరు తెలుగులో రాసుకోండి. పాట 13 నిమిషాలు వస్తే రానివ్వండి, ఎవరి కోసమూ కత్తిరించకండి.

ఇప్పుడు మొదటి పాట వేస్తున్నాను. ఫోన్లు పక్కన పెట్టి, గిటారులో నిదానంగా మారే ఆ స్వరాన్ని పట్టుకోండి.