అన్నయ్య ఊపిన టార్చిలైటు

సభాధ్యక్షులకు, గ్రంథాలయ మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవం కనుక రామన్ గారి గురించి మాట్లాడమన్నారు. 1928 ఫిబ్రవరి 28న ఆయన ప్రకటించిన ఆవిష్కరణ గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు, వారు చెబుతారు. నా సంచిలో ఒక టార్చిలైటు ఉంది. దీని గురించి నలుగురిలో చెప్పాలని మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాను. దయచేసి చెప్పనివ్వండి.

ఇది మా అన్నయ్యది. తిరునాళ్లలో కొన్నాడు. చూడండి, లోపల అంతా కనిపించే గొట్టం, మధ్యలో రాగి తీగచుట్ట, అందులో అటూ ఇటూ జారే వెండిరంగు దిమ్మ. "బ్యాటరీతో పని లేదు, అరనిమిషం ఊపితే తనంతట తానే చార్జి అవుతుంది, జన్మంతా వెలుగుతుంది" అని చెప్పి అమ్మారట. అన్నయ్య రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లేవాడు. పురుగూ పుట్రా తిరిగే గట్ల మీద చేతిలో వెలుగు లేకుండా ఎవరూ నడవరు. కొన్ని నెలలు బాగానే వెలిగింది. ఒక రాత్రి గట్టు మధ్యలో ఆరిపోయింది. ఆ చీకట్లో నిలబడి చేయి నొప్పి పుట్టేదాకా ఊపాడు. వెలగలేదు. తడుముకుంటూ వస్తూ పంటకాలువలో పడ్డాడు, మణికట్టు విరిగింది.

నేను చూడటానికి వెళితే, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఏమన్నాడో తెలుసా? "నేనే సరిగ్గా ఊపలేదేమోరా. ఈమధ్య చేతిలో సత్తువ తగ్గింది" అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాడిని. సొంత అన్నకు ఆ ఒక్క ముక్క చెప్పలేదే అని ఆ రోజు కుమిలిపోయాను.

ఊపితే వెలిగే దీపం అబద్ధం కాదు. 1831లో ఫారడే చూపించిన సూత్రమే అది. తీగచుట్టలోంచి అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుంది. అలా నిజాయతీగా తయారైన టార్చిలూ ఉన్నాయి. పెద్దలకు సైకిల్ డైనమో గుర్తుండే ఉంటుంది. దాన్ని టైరుకు ఆనించగానే పెడల్ బరువెక్కేది, సైకిలు ఆగితే దీపమూ ఆగేది. వెలుగుకు మూల్యం మన కాళ్లు చెల్లించేవి. ఆ బరువును గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

అన్నయ్య దగ్గర టార్చి తీసుకుని గొట్టానికి గుండుసూది ఆనించాను. జారి కింద పడింది. దిక్సూచి పక్కన ఉంచి ఊపాను, ముల్లు కదలలేదు. అంటే ఆ దిమ్మ అయస్కాంతమే కాదు! మరలు విప్పాను. తీగచుట్ట కొసలు దేనికీ కలపలేదు. తలభాగంలో రెండు బిళ్ల బ్యాటరీలు దాక్కుని ఉన్నాయి. మళ్లీ చార్జి చేయడానికి వీల్లేని, 20 మిల్లీమీటర్ల వెడల్పుండే మూడు వోల్టుల లిథియం బిళ్లలు. తల్లులకు ఇక్కడే ఒక మాట. ఈ బిళ్లను పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతులో తీవ్రమైన గాయం చేయగలదు. ఇంట్లో ఇలాంటి బొమ్మ, రిమోటు, టార్చి ఏదున్నా మూత మర గట్టిగా బిగించి ఉందో లేదో ఈ రాత్రే చూడండి.

ఇక లెక్క. అలాంటి బిళ్ల ఒక్కొక్కటి సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుత్తు ఇస్తుంది. శక్తి రూపంలో రెండింటికీ కలిపి సుమారు 4,750 జౌళ్లు. యాభై గ్రాముల అయస్కాంతం పది సెంటీమీటర్లు కిందికి జారితే వచ్చేది 0.05 జౌలు. రవ్వంత కూడా వృథా కాలేదనుకున్నా, ఆ రెండు బిళ్లల్లో ఉన్న శక్తి పుట్టాలంటే 95 వేల సార్లు ఊపాలి. సెకనుకు రెండుసార్ల చొప్పున ఆపకుండా పదమూడు గంటలు! డైనమో తగిలించినప్పటి పెడల్ బరువు ఇదే. అన్నయ్య ఊపింది అరనిమిషం. నెలల తరబడి అతనికి దారి చూపింది ఆ బిళ్లలే.

అన్నయ్య ఒప్పుకోలేదు. "మసకబారాక ఊపి పక్కన పెడితే మర్నాడు మళ్లీ వెలిగేదిరా, నా కళ్లతో చూశాను" అన్నాడు. అతను చూసింది నిజమే. చాలామందిని పడగొట్టేది సరిగ్గా ఇక్కడే. మన ఇళ్లలో నీరసించిన సెల్లులను ఎండలో పెట్టేవాళ్లం కదా? మా నాన్నగారు రేడియో సెల్లులను అరుగు మీద వరసగా పేర్చేవారు. సాయంత్రానికి రేడియో మళ్లీ పలికేది. సెల్లు పనిచేస్తున్నంతసేపూ ఎలక్ట్రోడ్ల దగ్గర చర్యకు కావలసిన పదార్థం పలచబడుతుంది, అడ్డుపడేది పోగవుతుంది, వోల్టేజి పడిపోతుంది. విశ్రాంతి ఇస్తే లోపల సర్దుకుని వోల్టేజి కొంత లేస్తుంది. ఎండ వేడి ఆ సర్దుబాటును వేగిరపరుస్తుంది. కానీ రేడియో సెల్లులో కరిగిన జింకైనా, ఈ బిళ్లలో ఖర్చయిన లిథియమైనా తిరిగి రాదు. తేరుకున్న సెల్లు కాసేపటికే మళ్లీ కుంగుతుంది.

అందుకే కొత్త బిళ్లలు వేసి, ఇలాంటివే రెండు టార్చిలను పక్కపక్కన పెట్టాను. రోజూ ఒకదాన్ని ఊపాను, ఇంకోదాన్ని ముట్టుకోలేదు. రెండూ ఒకేలా మసకబారాయి, రాత్రంతా ఆర్పి ఉంచితే తెల్లవారాక రెండూ ఒకేలా తేరుకున్నాయి. ఊపని టార్చిని అన్నయ్య చేతిలో పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అయితే తప్పు నా చేతిది కాదన్నమాట" అన్నాడు. ఆ మాట కోసమే నేను ఇక్కడికి వచ్చాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. పిల్లలూ, ఆ రెండు టార్చిల్లోనూ మళ్లీ కొత్త బిళ్లలు వేసి తెచ్చాను. రెండింటినీ ఇప్పుడే, ఆరూ పదికి వెలిగిస్తున్నాను. గ్రంథాలయం వారు ఈ బల్ల మీదే ఉంచడానికి ఒప్పుకున్నారు. ఎర్ర దారం కట్టినదాన్ని గంటకు ఒకసారి అరనిమిషం ఊపండి, రెండోదాన్ని ఎవరూ కదపవద్దు. పక్కన నోటుపుస్తకం, పెన్సిలు ఉన్నాయి. గంటకు ఒకరు చొప్పున ఏది ఎంత వెలుగుతోందో రాయండి. ఆదివారం మా అన్నయ్యను తీసుకొస్తాను, ఆ పుస్తకం అతనికి చదివి వినిపించండి.