అమీ పోలర్ కెరీర్ రివ్యూ: ఆవిడ మాట్లాడనప్పుడు చూడండి

నమస్కారమండీ, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా. ఇక్కడ బెంగళూరులో, ఇందిరానగర్‌లో ఇంప్రొవ్, అంటే స్క్రిప్ట్ లేకుండా అప్పటికప్పుడు కల్పించి నటించడం, నేర్పే ఒక గ్రూప్ వాళ్ళు నాకు నాలుగు వారాల వర్క్‌షాప్‌కి ఫ్రీ పాస్ ఇచ్చారు. ఇంప్రొవ్ గురించి ఒక వీడియో చేయమన్నారు. క్లాసు అయ్యాక ఇంటికొచ్చి ప్రతిసారీ నేను పెట్టుకున్నది అమెరికన్ కామెడీ నటి అమీ పోలర్‌నే. అందుకే ఇవాళ రివ్యూ ఆవిడ కెరీర్ మీద.

షికాగోలో సెకండ్ సిటీ అనే కామెడీ థియేటర్, న్యూయార్క్‌లో స్నేహితులతో కలిసి పెట్టిన అప్‌రైట్ సిటిజన్స్ బ్రిగేడ్ థియేటర్, 2001 నుంచి 2008 దాకా శాటర్‌డే నైట్ లైవ్ అనే టీవీ కామెడీ షో, తర్వాత పార్క్స్ అండ్ రిక్రియేషన్ అనే కామెడీ సీరియల్ ఏడు సీజన్లు. ఈ లిస్టంతా మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నేను మళ్ళీ చదవను. నాకు మాట్లాడాలని ఉన్నది ఆవిడ వినే పద్ధతి గురించి.

మీరు అవధానం చూశారా? వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితికి మా మావయ్య నన్ను ఒకసారి తీసుకెళ్ళాడు. దత్తపదికి పృచ్ఛకుడు నాలుగు మాటలు ఇస్తే, అవధాని వాటిని పెట్టి అప్పటికప్పుడే పద్యం అల్లేశాడు. అమీ నేర్చుకున్న ఇంప్రొవ్‌లో కూడా అంతే, జనం ఒక్క మాట ఇస్తారు, దాని మీద సీన్ తర్వాత సీన్ అల్లుకుంటూ పోవాలి. కాకపోతే అవధానంలో బరువంతా అవధానిదే. ఇక్కడ పక్కవాళ్ళు ఏమంటే దాన్ని ఒప్పుకుని, మనం ఇంకో ముక్క కలపాలి. పక్కవాడు 'డాక్టర్ గారూ' అన్నాడంటే మీరు డాక్టరే. 'నేను డాక్టర్ని కాదు, కండక్టర్ని' అన్నారో, సీన్ అక్కడే చచ్చిపోతుంది. మొదటి వారమే మా క్లాసులో ఇది కళ్ళారా చూశాను.

ఇప్పుడు పార్క్స్‌లో ఏ సీన్ అయినా పెట్టి, ఆవిడ మాట్లాడనప్పుడు ఆవిడ మొహం చూడండి. తన డైలాగ్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉండదు. ఎదుటివాళ్ళ మాట పడేకొద్దీ కనుబొమలు కదులుతుంటాయి, నవ్వు సగం వచ్చి ఆగుతుంది. ఆ షోలో స్క్రిప్ట్ ప్రకారం సీన్ తీశాక చివరి టేక్ ఒకటి నటుల ఇష్టానికి వదిలేసేవాళ్ళు, ఫన్ రన్ అని. వినడం రానివాళ్ళకి అలాంటి టేక్ ఇచ్చినా ఉపయోగం లేదు.

2008 అక్టోబర్‌లో శాటర్‌డే నైట్ లైవ్‌లో అప్పుడు అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ పక్కనే కూర్చుని ఉండగా, పేలిన్ లాగా ర్యాప్ పాడింది చూడండి, నిండుచూలాలు అప్పుడు! ఆ పొట్టతో చేతులూపుతూ ఎగిరి పడుతుంటే నా గుండె గుభేలుమంది. వారం తిరక్కుండా బాబు పుట్టాడు.

చిరాకు కూడా చెప్పాలి. నేను చూసిన యాప్‌లో సబ్‌టైటిల్ మాట కంటే ముందు పడుతోంది. ఆవిడ మాట కోసం ఆగే ఆ ఒక్క క్షణంలోనే జోక్ అంతా ఉంటే, కింద ముందే రాసేస్తారా? ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు కోపం మాత్రం అమెరికా టీవీ అవార్డులు ఎమ్మీల మీద. పార్క్స్‌లో ఆవిడ వేసిన లెస్లీ పాత్రకి 2010 నుంచి 2015 దాకా వరసగా ఆరేళ్ళు ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. ఒక్కసారీ ఇవ్వలేదు. 2014లో గోల్డెన్ గ్లోబ్ ఇచ్చారు, ఎమ్మీ లేదు. అన్యాయం అండీ ఇది.

కానీ 2011 ఎమ్మీలో ఆవిడ ఏం చేసిందో చూడండి. నామినీల్లో తన పేరు చదవగానే కుర్చీలోంచి లేచి, పరుగున స్టేజి ఎక్కేసింది. మామూలుగా ఎవరూ లేవరు కదా! తర్వాత పిలిచిన ఒక్కొక్కరూ వచ్చి పక్కన నిలబడ్డారు, అందాల పోటీలో లాగా ఆరుగురూ చేతులు పట్టుకుని. వాళ్ళలో మెలిసా మెకార్తీ గెలిస్తే తలకి కిరీటం, చేతికి గులాబీలు. అవార్డు రాని ఐదుగురూ అక్కడే నిలబడి చప్పట్లు కొట్టారు. ముందే మాట్లాడుకుని చేశారు, నిజమే, అయినా పక్కవాళ్ళు ఇచ్చిన ముక్కకి ఇంకో ముక్క కలపడమే కదా అదీ!

నా మాట అయితే పార్క్స్‌ని ఏమీ ఆలోచించకుండా చూసేయొచ్చు. మొదటి సీజన్ ఆరే ఎపిసోడ్లు. అందులో లెస్లీని కాస్త అమాయకురాలిగా రాశారు, నాకు నచ్చలేదు. రెండో సీజన్ నుంచి పెట్టండి. సబ్‌టైటిల్స్ తీసేసి.