టు-లెట్ బోర్డు దగ్గర ఆగిన జీతం

శ్రోతలకు నమస్కారం.

అద్దె ఇంటికోసం తిరిగినవాళ్లకు ఈ తంతు తెలిసిందే. గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతుంటుంది. లోపలికి వెళ్తే ముందు ఏ ఊరని అడుగుతారు, తర్వాత ఏం ఉద్యోగమని, ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి "మీరేమిట్లు?" అని కులం. ఫ్యామిలీయా, బ్యాచిలరా అన్నది సరేసరి. అన్నిటికీ నచ్చే జవాబులు దొరికాకే అడ్వాన్సు మాట వస్తుంది. అదే గేటు ముందు ఒక ట్రాన్స్ మహిళ, అంటే మగపిల్లవాడిగా పుట్టి స్త్రీగా బతుకుతున్న మనిషి, నిలబడితే అసలు ప్రశ్నలే ఉండవు. "ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అంటారు. బోర్డు మాత్రం మర్నాడు కూడా అక్కడే ఊగుతుంటుంది.

ఇందులో ఆర్థికశాస్త్రం ఏముందంటారా? ఒకసారి కొచ్చి వెళ్లొద్దాం.

2017 జూన్‌లో అక్కడ మెట్రో రైలు మొదలైంది. టికెట్ కౌంటర్లలో, శుభ్రం చేసే పనుల్లో 23 మంది ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చారు. దేశమంతా చెప్పుకుంది, పత్రికలు ఫొటోలు వేశాయి. నెల తిరక్కముందే వాళ్లలో ఎనిమిది మంది పని మానేశారు. పని చేతకాక కాదు, అధికారులు వేధించీ కాదు. ఊళ్లో ఉండటానికి గది దొరక్క. ఇల్లు ఎవరూ ఇవ్వకపోతే లాడ్జికి వెళ్లాలి. లాడ్జిలో రోజుకు 600 రూపాయల దాకా పడింది. నెలకు లెక్కేయండి, 18,000. జీతమేమో పదిహేను వేల లోపే. ఉద్యోగం చేస్తే చేతి నుంచి ఎదురు పెట్టుకోవాలి, మానేస్తే ఆ అప్పన్నా తప్పుతుంది. కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరైనా వాళ్లు చేసిన పనే చేస్తారు.

అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1957లోనే ఒక మాట చెప్పారు. ఆయనకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. వివక్ష చూపించే యజమాని ఆ ముచ్చట కోసం తన జేబులో డబ్బే వదులుకుంటాడని ఆయన వాదన. పనిమంతుణ్ణి రంగు చూసి వెళ్లగొడితే, అతణ్ణి పక్క దుకాణంవాడు పెట్టుకుని లాభం చేసుకుంటాడు. పోటీ గట్టిగా ఉంటే మొదటివాడు ఎన్నాళ్లో నిలవలేడు. వినడానికి బాగుంది. కానీ కొచ్చి ఇంటాయనకు ఏం పోయింది? ఒక్క పైసా పోలేదు. మర్నాడు ఇంకొకరు వచ్చి అడ్వాన్సు ఇచ్చారు. పని నేర్పిన ఉద్యోగుల్ని పోగొట్టుకుంది మెట్రో, జీతం పోగొట్టుకుంది ఆ ఉద్యోగులు. నన్నడిగితే ఈ వ్యవహారంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. కాదన్నది ఒకరు, బిల్లు కట్టింది ఇంకొకరు. అందుకే ఇది దానంతటది సర్దుకోదు.

మన దగ్గరి సంగతి చూద్దాం. ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ కొయ్యల. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యులుగా చేరిన ఈ ఇద్దరూ ట్రాన్స్ మహిళలు. దానికి ముందు కథ వాళ్లే పత్రికలకు చెప్పారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రాచీ మూడేళ్లు పనిచేశారు. ఆమె ఎవరో తెలిశాక, రోగులు రావడం మానేస్తారని పంపించేశారు. రూత్ ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరిగినా లేదనే అన్నారు. ప్రాచీ చదివింది ఆదిలాబాద్ రిమ్స్‌లో. అది ప్రభుత్వ కళాశాల. అక్కడ ఒక ఎంబీబీఎస్ సీటు మీద పెట్టిన డబ్బు మనందరి పన్నుల్లోంచి పోయిందే. డాక్టరు చాలక వార్డులు కిటకిటలాడే రాష్ట్రంలో, తయారైన డాక్టరును ఇంటి దగ్గర కూర్చోబెట్టాం. రోగులు పారిపోతారన్న భయం ఎంత నిజమో ఉస్మానియాకు వెళ్లి ఓపీ క్యూ చూసినవాళ్లే చెప్పాలి. జ్వరంతో వచ్చినవాడు మందు అడుగుతాడు గాని డాక్టరు పుట్టుపూర్వోత్తరాలు అడుగుతాడా!

ఇవి కంటికి కనిపించే కథలు. కనిపించనివి ఇంకా ఎక్కువ. ఆఫీసులో కొత్తగా చేరినప్పుడు పీఎఫ్ ఫారం ఇస్తారు. నామినీ పేరు రాయాలి, పక్క గడిలో "సంబంధం" అని ఉంటుంది. ఒకే వంటింట్లో పదిహేనేళ్లుగా కాపురం చేస్తున్న ఇద్దరు మగవాళ్లలో ఒకరు ఆ గడి ముందు పెన్ను పట్టుకున్నారనుకోండి. ఏం రాయాలి? పీఎఫ్ నిబంధనల్లో కుటుంబమంటే భార్యో భర్తో, పిల్లలు, ఆధారపడ్డ తల్లిదండ్రులు, ఇలా ఒక జాబితా ఉంది. ఆ జాబితాలో మనిషి ఒక్కరున్నా బయటివాళ్ల పేరు రాస్తే చెల్లదు. తోడున్న మనిషి "బయటివాడు" అయిపోతాడు. సుప్రీంకోర్టు 2018లో ఈ బంధం నేరం కాదంది, 2023లో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమంది. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది, ఇలాంటి జంట ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని. చిన్న కాగితమే, విలువ పెద్దది. పీఎఫ్ గడి మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి వివక్ష వల్ల దేశానికి మొత్తం నష్టమెంత అంటే, లీ బ్యాజెట్ అనే ఆర్థికవేత్త ప్రపంచ బ్యాంకు కోసం 2014లో భారతదేశం మీదే ఒక లెక్క వేశారు. పోయిన పని, పాడైన ఆరోగ్యం కలిపి, 2012 నాటి జీడీపీలో 0.1 నుంచి 1.7 శాతం అని తేల్చారు. వెయ్యి రూపాయలకు ఒక రూపాయో, పదిహేడో! ఇంత తేడా ఉన్న లెక్కను నమ్మేదెలా అని నవ్వేవాళ్లున్నారు. నాకైతే ఆ తేడాయే అసలు వార్త. దాక్కుని బతికే మనిషిని లెక్కలోకి తేవడం ఎవరి తరం? 2011 జనాభా లెక్కల్లో "ఇతరులు" అన్న గడిలో 4,87,803 మంది కనిపించారు. వాళ్లలో అక్షరాస్యత 56 శాతం, దేశం మొత్తం మీద 74. బడి దగ్గర మొదలైన తేడా టు-లెట్ బోర్డు దాకా వస్తుంది.

హైదరాబాదులో ఇంకో పాత బరువుంది. నిజాం కాలంలో, అప్పటి లెక్కలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో ఒక చట్టం చేశారు. నగరంలోని హిజ్రాల పేర్లు దొంగల్ని రాసుకున్నట్టు రిజిస్టరులో రాసుకొమ్మని. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అంటే నూరేళ్లకు పైగా బతికిన చట్టం. ఆసరా పింఛను వాళ్లకూ ఇవ్వమని ఆ తీర్పే చెప్పింది.

మరుసటి ఏడాది డిసెంబరులో గోషామహల్ మైదానంలో వేరే రకం జాబితా తయారైంది. ట్రాఫిక్ అసిస్టెంట్ల ఎంపికకు 58 మంది ట్రాన్స్‌జెండర్లు వచ్చారు. 800 మీటర్లు పరుగెత్తారు, దూకారు, గుండు విసిరారు. 44 మంది నెగ్గారు. శిక్షణ అయ్యాక వాళ్లలో చాలామంది యూనిఫాం వేసుకుని కూడళ్లలో నిలబడ్డారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నాకు అడగాలనిపించేది వేరే. డ్యూటీ దిగాక ఏ బస్తీకి వెళ్తారమ్మా, గది అద్దె ఎంత, ఇంటాయన అడ్వాన్సు ఎన్ని నెలలది తీసుకున్నాడు? ఈలోపు పచ్చ లైటు పడుతుంది, వెనక హారన్లు మొదలవుతాయి.

సెలవు.