నీరు దిగే దారి: వాట్‌మన్ కుటుంబం కాగితపు పని

సభకు నమస్కారం.

కెమిస్ట్రీ ల్యాబులో గరాటులో మడిచి పెట్టే గుండ్రటి వడపోత కాగితం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పెట్టె మీద ఉండే ‘వాట్‌మన్’ ఒక ఇంటిపేరు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, మెయిడ్‌స్టోన్ పక్కన లెన్ అనే చిన్న ఏటి ఒడ్డున చేతికాగితం చేసిన కుటుంబానిది ఆ పేరు. కాగితం పనంతా నీళ్లను బయటికి పంపే పనే. వాట్‌మన్లు తెచ్చిన ప్రతి మార్పునూ నీరు ఎలా దిగుతుందన్న కోణంలో చూస్తే వాళ్ల గొప్పతనం సరిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం.

పెద్ద జేమ్స్ వాట్‌మన్ 1702లో పుట్టాడు. కుటుంబ వృత్తి తోళ్లు పదును చేయడం. వాళ్లు కాగితం చేసిన టర్కీ మిల్లు మొదట్లో ఉన్ని బట్టలను దట్టం చేసే మిల్లు. అది కాగితం మిల్లుగా మారాక, దాని యజమాని రిచర్డ్ హారిస్ 1739లో చనిపోగా, మిల్లు అతని భార్య ఆన్ చేతికి వచ్చింది. 1740లో ఆమె వాట్‌మన్‌ను పెళ్లాడింది. 1759లో అతనూ పోయాడు. కొడుకు, రెండో జేమ్స్, 1762లో పగ్గాలు అందుకునే వరకు మిల్లును నడిపింది ఆమే. ఆ మూడేళ్లు ఆమె నిలబెట్టకపోతే తర్వాతి కథే లేదు. చరిత్రలో ఆమెకు ఒకటి రెండు వాక్యాలే దక్కడం అన్యాయం.

ఇక పని సంగతి. ముడిసరుకు నార బట్టల పేలికలు. వాటిని ఏరి, గుండీలూ కుట్లూ తీసేసి, ముక్కలు కోసి, నీళ్లలో బీటరులో నలగ్గొడతారు. తక్కువ నలిగితే కాగితంలో ముడులు తేలతాయి. మరీ ఎక్కువ నలిగితే గుజ్జు నీటిని వదలదు, ఆరాక కాగితం ముడుచుకుపోతుంది. గోరువెచ్చటి తొట్టిలో గుజ్జు చాలా పలచగా ఉంటుంది. తొట్టి దగ్గరి మనిషి అడుగున తీగెల జల్లెడ ఉన్న చట్రాన్ని ముంచి ఎత్తి, ముందుకూ వెనక్కూ, ఆ పక్కకూ ఈ పక్కకూ కుదుపుతాడు. పీచులు ఒకదానిలో ఒకటి అల్లుకునేది ఆ కొద్ది క్షణాల్లోనే. రెండో మనిషి ఆ తడి పొరను ఉన్ని గుడ్డ మీద బోర్లిస్తాడు. గుడ్డా కాగితమూ ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతరను మరమీద బిగించి నొక్కాక, మూడో మనిషి గుడ్డలు వేరుచేస్తాడు. తొట్టి మనిషి చేతినుంచి ఒక్క నీటిబొట్టు తడి పొర మీద రాలినా అక్కడ పలచబడి మచ్చ నిలిచిపోతుంది.

పాత చట్రాల్లో సన్నటి తీగెలు పక్కపక్కనే పరిచి ఉండేవి, కింద చెక్క పట్టీలు. పట్టీ ఆనుకున్న చోట నీరు త్వరగా దిగిపోతుంది, గుజ్జు అక్కడికి చేరి మందమవుతుంది. వెలుగుకు పడితే చారలు కనిపిస్తాయి. పైగా తీగెల అచ్చు ఉపరితలం మీద గాడులుగా పడుతుంది, సన్నటి అక్షరం వాటి మీద విరుగుతుంది. పెద్ద వాట్‌మన్ ఇత్తడి తీగెను బట్టలా నేయించి చట్రానికి తొడిగాడు. ఆ కాగితం ఇంగ్లండు ముద్రాపకుడు బాస్కర్‌విల్ 1757లో అచ్చువేసిన, రోమన్ కవి వర్జిల్ గ్రంథంలో కనిపిస్తుంది. పుస్తకం మొత్తంలో కాదు, కొంత భాగంలోనే. గాడులు పోయాయి కానీ పట్టీల నీడ పోలేదు. పట్టీలకూ పై జల్లెడకూ మధ్య ఇంకో ముతక తీగె జల్లెడ వేశాకే నీరు అన్నిచోట్లా ఒకేలా దిగింది.

రెండో జేమ్స్ కాలంలో ఇంకో కష్టం నీటి బరువు. లండన్‌లోని పురాతత్వ సంఘం వాళ్లకు ఒక పెద్ద చెక్కుడు బొమ్మను ఒకే కాగితం మీద అచ్చువేయాల్సి వచ్చింది. 1773 ప్రాంతంలో అతను 53 అంగుళాల పొడవు, 31 అంగుళాల వెడల్పు కాగితం చేశాడు. మన లెక్క వేసుకుందాం. ఆ కాగితం సుమారు 265 గ్రాములనుకుంటే, నూటికి ఒక వంతు గుజ్జున్న నీళ్లు 26 లీటర్లకు పైగా చట్రం మీదికి రావాలి. ఒంటరి మనిషి ఎత్తి సమంగా కుదపలేడు. అందుకే చట్రాన్ని ఎత్తడానికి ప్రత్యేక యంత్రసాధనం కట్టించాడు. పేలికల పసుపుఛాయ కనబడకుండా, మనం తెల్లబట్టలకు నీలిమందు పెట్టినట్టే, గుజ్జులో నీలం కలపడం కూడా 1765 ప్రాంతంలో అతను మొదలుపెట్టిందే.

ఆరబెట్టే అటక గురించి కాస్త ఆగి చెబుతాను. కాగితాలను నాలుగైదు కలిపి తాళ్ల మీద వేస్తారు, ఒక్కొక్కటిగా వేస్తే చుట్టుకుపోతాయి. జనపనార తాడు తడి కాగితానికి మరక అంటిస్తుంది కాబట్టి, జంతువుల వెంట్రుకలతో పేనిన తాళ్లకు తేనెమైనం పూసి వాడేవారు. ఆరాక తోలు ముక్కలు కాచి తీసిన జిగురులో ముంచి, నొక్కి, మళ్లీ నిదానంగా ఆరబెట్టాలి. తొందరగా ఆరితే జిగురు పట్టు సరిగ్గా రాదు. ఉక్కపోత రోజుల్లో జిగురు కుళ్లుతుంది, అందుకని పటిక కలుపుతారు. పటిక మోతాదు మించితే కాగితం పుల్లబడి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ జిగురు ఉన్నందువల్లే టర్నర్ లాంటి చిత్రకారులు తడి రంగును రుద్ది, గీకి, ఎత్తేసినా కాగితం తట్టుకుంది. కలకత్తాలో 1777 నుంచి అక్కడి ప్రధాన న్యాయమూర్తి భార్య లేడీ ఇంపీ కోసం చిత్రకారుడు షేక్ జైనుద్దీన్ పక్షుల బొమ్మలు వేసింది కూడా ఈ వాట్‌మన్ కాగితం మీదే.

రెండో జేమ్స్ 1794లో మిల్లును హాలింగ్‌వర్త్ సోదరులకు అమ్మాడు. అతని దగ్గర పని నేర్చిన విలియం బాల్స్టన్ మొదట వాళ్లతో కలిసి ఉండి, తర్వాత విడిగా మెయిడ్‌స్టోన్‌లోనే ఆవిరి యంత్రంతో స్ప్రింగ్‌ఫీల్డ్ మిల్లు కట్టాడు. అది 1807 ప్రాంతంలో మొదలైంది. పాత పటాలు, బొమ్మలు చూసేవాళ్లకు ఇక్కడ పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. విడిపోయాక ‘జె వాట్‌మన్ టర్కీ మిల్’ అనే నీటిగుర్తు (వెలుగుకు పట్టి చూస్తే కాగితంలో కనిపించే గుర్తు) హాలింగ్‌వర్త్‌లది, ఉత్తి ‘జె వాట్‌మన్’ బాల్స్టన్‌ది. 1794 నాటి పన్ను చట్టం వల్ల ఎగుమతి కాగితంలో సంవత్సరం కూడా నీటిగుర్తుగా వేసేవారు. కానీ ఆ సంవత్సరాన్ని బొమ్మ వేసిన తేదీగా తీసుకోకండి. ఆ చట్రంతో తర్వాత కూడా కాగితం తీసి ఉండవచ్చు, కాగితం కొట్లో ఏళ్లు నిలువ ఉండి ఉండవచ్చు. యూరప్‌లో కొన్ని మిల్లులు ఈ పేరును దొంగగా కూడా వేసుకున్నాయి. గుర్తు ఒక్కటే చూసి నమ్మొద్దు, కాగితంలో పడిన తీగె నేతనూ చూడండి.

ల్యాబు కాగితానికి వస్తే, అందులో జిగురు ఉండదు. నీరు ఆగకుండా దిగడమే దాని పని. 1వ నంబరు రకం సుమారు 11 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద రేణువులను పట్టుకుంటుంది. చాలా బ్యాక్టీరియా మాత్రం దాటిపోతుంది కాబట్టి నీటిని శుద్ధి చేయడానికి దీన్ని వాడకూడదు. స్ప్రింగ్‌ఫీల్డ్ మిల్లు 2014లో మూతపడింది. ఇప్పుడు ఆ ఇంటిపేరుతో వడపోత కాగితాలు అమ్ముతున్నది సైటివా అనే కంపెనీ.